సన్నరంపం

1:24 నిష్పత్తిలో అచ్చుపోసిన ప్లాస్టిక్ కారు ఒకటి బల్ల మీద ఉందనుకోండి. తలుపులు బాడీతో కలిసే వచ్చాయి. ఎక్కడ తెరుచుకోవాలో చెప్పే గీతలు మాత్రం ఉన్నాయి. వాటిని నిజంగా తెరుచుకునే తలుపులుగా చేయాలి. వడ్రంగి పలక కోసేటప్పుడు అతనికి కావలసింది మామూలుగా గీతకు ఒక వైపున్న ముక్కే. రంపాన్ని అవతలి వైపు నడిపిస్తే కొలత నిలుస్తుంది, పోయేది తరుగులో పోతుంది. కారు తలుపు దగ్గర ఆ వెసులుబాటు లేదు. తలుపూ కావాలి, తలుపు వచ్చిన చోటూ కావాలి. రంపం తిన్నదంతా ఆ రెండింటి మధ్య ఖాళీగా మిగులుతుంది. పావు మిల్లీమీటరు కోత పడితే, 24తో గుణించగా అది 6 మిల్లీమీటర్లు. వీధిలో ఆగి ఉన్న కొత్త కారు తలుపు సందు సుమారు 4, 5 మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే ఆ రంపం ఈ పనికి కాస్త లావు. కోత 0.2 మిల్లీమీటర్లయితే 4.8 వస్తుంది, సరిగ్గా కుదురుతుంది. 0.1 అయితే 2.4, అంచులు ఆకురాయితో నునుపు చేయడానికి కూడా చోటు మిగులుతుంది. మిల్లీమీటరులో పదో వంతు తేడాతో ఆ కారు ఆటబొమ్మగా కనిపిస్తుందో, అసలు కారుకు నమూనాగా కనిపిస్తుందో తేలిపోతుంది.

నిష్పత్తి చిన్నదయ్యేకొద్దీ రంపం మీద భారం పెరుగుతుంది. 1:72 యుద్ధవిమానంలో పైలట్ తల మీది అద్దపు కప్పును ముందరి అద్దం నుంచి విడదీసి, వెనక్కి జరిపి తెరిచినట్టు చూపించాలంటే అదే పావు మిల్లీమీటరు 18 మిల్లీమీటర్లవుతుంది. 1:160 రైలు పెట్టె మీద 40 అవుతుంది. అందుకే ఈ పనికి రంపం ఎంచుకునేటప్పుడు పొడవు, పిడి, పేరు అన్నీ తర్వాత. ముందు చూడాల్సినవి రేకు మందం, కోత వెడల్పు. ఈ రెండూ ఒకటి కావు. మామూలు రంపానికి పళ్లను ఒకటి కుడికి, తర్వాతది ఎడమకు కొద్దిగా వంచుతారు. అందువల్ల కోత రేకు కన్నా వెడల్పుగా పడుతుంది, రేకు అందులో ఇరుక్కోకుండా ఆడుతుంది. సన్నరంపానికి ఆ వంపు నామమాత్రం, కొన్నిటికి అసలే ఉండదు. ఇరుక్కోకుండా ఉండటానికి వేరే ఉపాయం చూసుకోవాలి.

ఇరుక్కోవడం కన్నా పెద్ద కష్టం వంగిపోవడం. రేకు వంగకుండా నిలిచే బిగువు దాని మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. మందం సగమైతే బిగువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 0.25 మిల్లీమీటర్ల నుంచి 0.1కి దిగితే పదహారో వంతు దగ్గరికి వస్తుంది. సన్నని కమ్మీని నిలువుగా నొక్కితే ఎంత బరువు దగ్గర అది ఒక్కసారిగా పక్కకు ఒరిగిపోతుందో గణిత శాస్త్రవేత్త లియొన్‌హార్డ్ ఆయిలర్ 1744లోనే లెక్క కట్టి చూపించాడు. చేతితో ముందుకు తోసే ప్రతి రంపమూ ఆ లెక్కకు లోబడినదే. కోత సన్నగా ఉండాలంటే రేకు పలచబడాలి, పలచబడితే నిలబడదు. సన్నరంపాలు చేసినవారు ఒక్కో చోట ఒక్కో దారిలో ఈ చిక్కు విప్పారు. పనిముట్టును చేతిలోకి తీసుకుని ఆ దారి ఏదో పోల్చుకున్నాక, దాన్ని ఎలా పట్టుకోవాలో, ఎలా కాపాడుకోవాలో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ గమనింపే.

అన్నిటికన్నా తేలిగ్గా అర్థమయ్యే ఉపాయం వెన్ను. రేజర్ సా అని బజారులో అమ్మే రంపాన్ని చూడండి. జానెడు కన్నా తక్కువ పొడవు, అంగుళం అటూ ఇటూగా వెడల్పు, పై అంచున రెండు మడతలుగా వంచి నొక్కిన ఉక్కు పట్టీ గానీ అల్యూమినియం పట్టీ గానీ. బిగువంతా ఆ పట్టీదే. రేకు కోయడానికి మాత్రమే ఉంది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రానికి చెందిన జోనా కంపెనీ రంపాలు ఈ రకంలో పేరున్నవి. వాళ్ల అతి సన్నని రంపానికి అంగుళానికి 52 పళ్లు, కోత సుమారు 0.2 మిల్లీమీటర్లు. అంటే పంటికీ పంటికీ మధ్య దూరం అర మిల్లీమీటరు కూడా లేదు. చేతిలో తిప్పి చూస్తే పళ్ల అంచు నున్నగా ఉన్నట్టే అనిపిస్తుంది. వేలి గోరు నడిపితే గానీ అక్కడ పళ్లున్నాయని తెలియదు.

వెన్ను ఉన్నందువల్ల ఒక హద్దు కూడా వస్తుంది. కోత వెన్ను దాకా వెళ్లి ఆగిపోతుంది. మోడల్ పనిలో అది పెద్ద లోటు కాదు. ఇంకో సంగతి: ఈ రంపాల్లో కొన్ని తోసినప్పుడు కోస్తాయి, కొన్ని లాగినప్పుడు. పెట్టె మీద రాసి లేకపోయినా పన్ను చూస్తే తెలిసిపోతుంది. నిటారుగా ఉన్న అంచు ఏ వైపు చూస్తుందో రంపం ఆ వైపు కోస్తుంది. లాగి కోసే రంపాన్ని తోస్తూ కష్టపడి, రేకు వంచేసి, రంపమే మంచిది కాదనుకునేవారిని చూస్తే బాధేస్తుంది.

లాగి కోయడాన్ని ఒక విద్యగా పండించింది జపాన్. లాగేటప్పుడు రేకు సాగదీసినట్టుంటుంది, నొక్కినట్టు ఉండదు. ఆయిలర్ లెక్క ఇక్కడ వర్తించదు. కాబట్టి రేకు ఎంత పలచనైనా నిలుస్తుంది. డోజుకి అనే వెన్నున్న రంపం జపాను వడ్రంగులు కలప అతుకుల కోసం వాడేది. దాని రేకు మూడు పదో వంతుల మిల్లీమీటరు దగ్గర ఉంటుంది. అదే పొడవున్న పడమటి దేశాల వెన్ను రంపం పక్కన పెడితే తేడా కంటికి కనిపిస్తుంది. హ్యోగో ప్రాంతంలోని మికి పట్టణం ఈ రంపాలకు పేరుపడ్డ చోటు. 1578 నుంచి 1580 దాకా సేనాని హిదెయోషి సైన్యపు ముట్టడిలో నలిగిపోయిన ఆ ఊరిని మళ్లీ కట్టడానికి వడ్రంగులు, కమ్మరులు చేరారు. వాళ్లతో పాటు పనిముట్ల తయారీ అక్కడ పాతుకుపోయింది.

పాతకాలపు మికి రంపంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది పళ్లు కావు, రేకు. కమ్మరి దాన్ని రెండు చేతుల గీకుడు పనిముట్టుతో గీకి, పళ్ల దగ్గర కన్నా మధ్యలో పలచగా చేసేవాడు. అందువల్ల పళ్లు కోసిన దారిలో రేకు ఒరుసుకోదు. వంపు తక్కువైనా ఇరుక్కోదు. ఈ తేడా కొలవడానికి మైక్రోమీటరు కావాలి, అతనికి మాత్రం చేతి స్పర్శే చాలింది. ఇక అడ్డకోత పన్నును భూతద్దం కింద పెట్టి చూస్తే దానికి మూడు పదును అంచులు కనిపిస్తాయి. రెండు పక్కల అంచులు పీచును కత్తిరిస్తాయి, కొసన చిన్న ఏటవాలు అంచు పన్ను కొసను కాపాడుతూ కోతను శుభ్రం చేస్తుంది. కోసిన చెక్క అంచు చిత్రిక పట్టినట్టు మెరవడానికి కారణం ఆ మూడో అంచే.

ఇప్పుడు బజారులో దొరికే జపాను రంపాల్లో చాలావాటికి రేకు మార్చుకోవచ్చు. పళ్ల కొసలను హై ఫ్రీక్వెన్సీ విద్యుత్తుతో రెప్పపాటులో వేడి చేసి గట్టిపరుస్తారు. ఆ కొసలు నీలి నలుపుగా కనిపిస్తాయి. రేకు మామూలు ఉక్కుగా, వంగేదిగా మిగులుతుంది. పళ్లు మాత్రం ఆకురాయికి లొంగనంత గట్టిగా అవుతాయి. పదును చాలాకాలం నిలుస్తుంది, పోయాక మళ్లీ రాదు. దీన్ని లోపమని చెప్పేవారున్నారు. అర మిల్లీమీటరు పళ్లను చేతితో సానబెట్టగలవారు ఎక్కడైనా కొద్దిమందే ఉంటారు కాబట్టి మోడల్ కట్టేవారికి ఇదే మేలని నా అభిప్రాయం.

జపానులోనే షిజువోకా ప్రాంతం ప్లాస్టిక్ మోడల్ కిట్లకు పేరుపడ్డ చోటు. టమియా కంపెనీ అక్కడిదే, హసెగావా కంపెనీ అక్కడి యైజు పట్టణానిది. హసెగావా తెచ్చిన 0.1 మిల్లీమీటరు స్టెయిన్‌లెస్ రంపాలు ఇంకో దారి తొక్కాయి. వీటి పళ్లను ఆకురాయితో కోయలేదు, అచ్చుతో గుద్దలేదు. పలుచని రేకు మీద వెలుతురుకు గట్టిపడే పూత పూసి, పళ్ల బొమ్మను దాని మీద వెలుగుతో దించి, పూత లేని చోటును రసాయనంతో తినిపించారు. ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులు చేసే పద్ధతి ఇదే. లోహాన్ని ఎక్కడా నొక్కలేదు కాబట్టి పళ్లకు ముళ్లు లేవు, రేకుకు మెలిక లేదు. బొమ్మగా గీయగల ఆకారం ఏదైనా రంపమవుతుంది. విల్లులా వంగిన అంచుతో ఒకటి, బొటనవేలి గోరంత వెడల్పుతో ఇంకొకటి, మొనదేలిన కొసతో మరొకటి, అన్నీ ఒకే రేకులో పక్కపక్కనే వస్తాయి.

0.1 మిల్లీమీటరు రేకు నిలబడేది మాత్రం పొట్టిగా ఉండటం వల్లే. పిడిలోంచి బయటికి వచ్చే భాగం ఎంత తక్కువైతే అంత మంచిది. దీన్ని నిజంగా తోయకూడదు, లాగకూడదు. గీత మీద నడిపించాలి. చూపుడు వేలిని రేకు పక్కన ఆనించి, నొక్కుడు లేకుండా ఆడించాలి. మొదటి పది పదిహేను ఆటల్లో ఏమీ కోసినట్టుండదు. ఆ తర్వాత కోత దానంతటదే దిగుతుంది. తొందరపడి నొక్కితే రేకు అలలా వంగి, కోత గీత దాటి పక్కకు పోతుంది. స్టెయిన్‌లెస్ రేకు ఒకసారి మడత పడితే మళ్లీ పూర్తిగా చదును కాదు.

సన్నదనానికి అన్నిటికన్నా అందమైన జవాబు మన కంసాలుల చేతుల్లో ఎప్పటి నుంచో ఉంది. నగిషీ కోసే రంపానికి రేకు లేదు, తీగ లాంటి బ్లేడు ఉంది. దానికి వెన్ను లేదు, సొంత బిగువు లేదు. యు ఆకారపు ఉక్కు ఫ్రేము దాన్ని రెండు కొసలా పట్టి లాగి ఉంచుతుంది. ఫ్రేమును ఛాతీతో బల్లకు నొక్కి కొద్దిగా ముడిచి, బ్లేడు కొస బిగించి, వదిలేస్తే ఫ్రేము తెరుచుకుంటూ బ్లేడును సాగదీస్తుంది. గోటితో మీటితే వీణ తీగలా ఖంగుమని పలకాలి. మొద్దుగా పలికితే మళ్లీ బిగించాలి. పళ్లు ఫ్రేముకు బయటి వైపు, పిడి వైపు వాలి ఉండాలి. అందువల్ల కిందికి లాగినప్పుడే కోస్తుంది, పైకి ఎత్తినప్పుడు ఊరికే వస్తుంది.

ఈ బ్లేళ్ల నంబర్లు మొదటిసారి చూసినవారిని తికమక పెడతాయి. సున్నా పక్కన అంకె పెరిగేకొద్దీ బ్లేడు సన్నబడుతుంది. 8/0 అంటే 0.16 మిల్లీమీటర్ల మందం, 0.32 వెడల్పు, అంగుళానికి దాదాపు 89 పళ్లు. 2/0 అంటే 0.26 మందం, 0.52 వెడల్పు, 56 పళ్లు. సున్నా లేని 1, 2, 3 నంబర్లు ఇంకా లావు. స్విట్జర్లాండులోని వల్లోర్బ్ ఊరు ఆకురాళ్లకు ఎంత పేరుపడిందో ఈ బ్లేళ్లకూ అంతే పేరుపడింది. మంచి బ్లేడు వెనక అంచు గుండ్రంగా తీసి ఉంటుంది. అంతటి సన్నని తీగకు వెనక అంచు గుండ్రంగా తీయడం ఎందుకంటే, ఒంపు తిరిగేటప్పుడు ఆ అంచు కోత గోడకు ఆనకుండా జారుతుంది. చవక బ్లేడు వెనక నలుచదరంగా ఉండి, ప్రతి మలుపులో పట్టేసి విరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువ బ్లేళ్లు విరగ్గొడతారు కదా అని చవకవి కొంటారు. ఎక్కువ విరిగేది ఆ చవక వల్లే.

మందానికి తగ్గ పళ్లు ఎంచుకోవడానికి ప్రపంచమంతా చెప్పే సూత్రం ఒకటుంది. కోస్తున్న వస్తువు మందంలో ఎప్పుడూ మూడు పళ్లు ఆని ఉండాలి. అంతకన్నా తక్కువ ఆనితే పన్ను అంచుకు తగిలి పట్టేస్తుంది. వినడానికి తేలిక. అర మిల్లీమీటరు ఇత్తడి రేకు దగ్గర లెక్క వేసి చూడండి. 8/0 బ్లేడులో పంటికీ పంటికీ దూరం 0.285 మిల్లీమీటర్లు. అర మిల్లీమీటరులో రెండు పళ్లు కూడా పట్టవు. అంతకన్నా సన్నని బ్లేడు మామూలుగా దొరకదు. చేయి తిరిగినవారు ఇక్కడ బ్లేడును మార్చరు, దాని వాలు మారుస్తారు. ఫ్రేమును ముందుకు 60 డిగ్రీలు వాలిస్తే అదే అర మిల్లీమీటరు రేకులో బ్లేడు నడిచే దారి ఒక మిల్లీమీటరు అవుతుంది, మూడు పళ్లకు పైగా ఆనుతాయి. తిన్నని కోతకు ఇది చాలు. ఒంపులకు బ్లేడు నిటారుగా ఉండాలి కాబట్టి, అప్పుడు రేకు కింద పలుచని ప్లైవుడ్ అతికించి రెంటినీ కలిపి కోస్తారు. కింద చెక్క ఉండటంతో పళ్లకు ఆనుకోవడానికి చోటు దొరుకుతుంది, ఇత్తడి అంచు కూడా చిట్లదు.

మరీ సన్నని పళ్లు కూడా ఎప్పుడూ మంచివి కావు. పళ్ల మధ్య సందులు తీసిన పొట్టును మోసుకుని బయటికి తేవాలి. 6 మిల్లీమీటర్ల చెక్కలో అంగుళానికి 52 పళ్ల రంపం నడిపిస్తే ఆ సందులు మధ్యలోనే నిండిపోతాయి. అప్పుడు పన్ను కోయదు, ఒరుస్తుంది. బాల్సా వంటి మెత్తని చెక్కకు, లావుపాటి రెసిన్ దిమ్మలకు అంగుళానికి 24 పళ్లు హాయిగా నడుస్తాయి. అందువల్ల రెండు రంపాలు తప్పవు. మూడోది కొనగలిగితే అది నగిషీ రంపమే కావాలి.

విశాఖపట్నం పేరు ఇక్కడ తలచుకోవాలి. 18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు, వ్యాపారులు అక్కడి కంసాలుల చేత పెట్టెలు, కుర్చీలు, బల్లలు చేయించుకున్నారు. గంధపుచెక్క పెట్టెకు ఏనుగు దంతం పలుచని పలకలు తొడిగి, వాటి మీద గీతలు చెక్కి, ఆ గీతల్లో నల్లని లక్క నింపేవారు. కొన్ని పెట్టెలు ఇంగ్లీషు ఇళ్ల ఆకారంలోనే ఉన్నాయి. కిటికీలు, తలుపులు, ఏటవాలు కప్పు, ఆ కప్పే మూత. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సేకరణలో విశాఖ పెట్టెలున్నాయి. దంతం వ్యాపారం ఇప్పుడు నిషిద్ధం, అది న్యాయమే. ఆ పనితనం మాత్రం చూడదగ్గది. అంత ఖరీదైన వస్తువును పలకలుగా కోసినప్పుడు ప్రతి కోతలో పొడిగా పోయినది కూడా ఖరీదే. ఇంటి ఆకారపు పెట్టె మూలల్లో పలకలు కలిసే చోట సందు ఎంత తక్కువగా ఉందో చూస్తే, ఆ చేతుల్లో రంపం ఎలా నడిచిందో తెలుస్తుంది.

చెక్క ఓడలు కట్టేవారి కోత ఇంకొక తీరు. గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో ఉన్న 17, 18 శతాబ్దాల ఇంగ్లీషు నౌకాదళ నమూనాలు చాలావరకు 1:48 నిష్పత్తిలో చేసినవి. పక్కటెముకలు బయటికి కనిపించేలా వదిలేసిన ఆ ఓడల మాదిరి ఇప్పటికీ చాలామంది కడుతున్నారు. వాటికి బాక్స్‌వుడ్, పియర్ వంటి గట్టి కలపను మిల్లీమీటరు మందం పలకలుగా చీల్చుకోవాలి. ఇక్కడ చిన్న గుండ్రని రంపం కావాలి. అమెరికాలో జిమ్ బర్న్స్ చేసిన బల్ల రంపానికి ఈ పనిలో గొప్ప పేరు. లోహం కోసే పలుచని గుండ్రటి బ్లేళ్లను ఓడ కట్టేవారు దానికి బిగిస్తారు. ఆ బ్లేడు అంచు దగ్గర కన్నా మధ్యలో పలచగా సానబెట్టి ఉంటుంది కాబట్టి పళ్లు వంచనక్కర్లేదు. మికి కమ్మరి చేతితో గీకి సాధించినదే ఇక్కడ సానరాయి చేసింది. కోత ఒక మిల్లీమీటరు ఉంటే మిల్లీమీటరు పలకలు చీల్చేటప్పుడు సగం కలప పొడి అవుతుంది. కోత అర మిల్లీమీటరు అయితే మూడో వంతే పోతుంది. బాక్స్‌వుడ్ ధర తెలిసినవారికి ఈ లెక్క నోటికి వచ్చే ఉంటుంది.

కొనేటప్పుడు చేయదగ్గ పరీక్షలు కొన్నే. రేజర్ సాను వెలుతురుకు ఎదురుగా కంటి ఎత్తున పట్టుకుని, పళ్ల అంచు వెంట చివరిదాకా చూడాలి. గీత గీసినట్టు కనిపించాలి. వెన్ను ఒక చోట గట్టిగా, ఒక చోట వదులుగా నొక్కి ఉంటే రేకులో చిన్న అల కనిపిస్తుంది. ఆ రంపం ఎన్నటికీ తిన్నగా కోయదు, వదిలేయాలి. తర్వాత భూతద్దంతో పళ్లు చూడాలి. ఒకే ఎత్తులో ఉండాలి. గుద్ది చేసిన పళ్లకు ఒక పక్కన సన్నని ముళ్లు మిగులుతాయి. వేలి కొసను రేకు పక్క నుంచి అంచు దాకా మెల్లగా జార్చితే ఒక వైపు నున్నగా, ఇంకో వైపు గరుకుగా తెలుస్తుంది. ముళ్లున్న వైపుకే కోత లాగుతుంది. ఇది మాత్రం సరిచేసుకోవచ్చు. నున్నని సానరాయి మీద ఆ పక్కను చదునుగా పడుకోబెట్టి రెండు మూడు సార్లు బరువు లేకుండా జరిపితే చాలు. ఎక్కువ జరిపితే ఉన్న కాస్త వంపూ పోయి రేకు ఇరుక్కోవడం మొదలవుతుంది.

పిడి గురించి ఒక్క మాట. గుండ్రటి పిడి చేతిలో తిరిగిపోతుంది, తిరిగింది కంటికి తెలియదు. పలకలున్న పిడి రేకు నిటారుగా ఉందో లేదో వేళ్లకు చెబుతుంది. నా మటుకు నాకు ఆరు పలకల చెక్క పిడి కన్నా మంచిది కనిపించలేదు.

సన్నరంపాన్ని ఎక్కువగా పాడు చేసేది తుప్పు కాదు, వేడి. కిట్లలో వాడే పాలిస్టిరీన్ ప్లాస్టిక్ సుమారు 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. వేగంగా కోస్తే ఒరిపిడికే అది కరిగి పళ్ల సందుల్లో పేరుకుంటుంది. ఆ తర్వాత రంపం కోయడం మాని ప్లాస్టిక్‌ను తోస్తుంది, అంచు ఉబ్బుతుంది. మెల్లగా, పూర్తి పొడవునా ఆడించాలి. రేకు మొత్తం వాడితే వేడి పంచుకుంటుంది, అరుగుదల కూడా సమంగా ఉంటుంది. నీళ్లు ఒక చుక్క వేస్తే పొడి జారిపోతుంది, పని కాగానే తుడిచి ఆరబెట్టాలి. నగిషీ బ్లేడుకు తేనెమైనం రాస్తారు. అది పళ్లకు కాదు, వెనక అంచుకు, పక్కలకు రాయాలి. పళ్లకు రాస్తే పొట్టు మైనంతో కలిసి ముద్దవుతుంది.

రెసిన్ కోసేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి. రెసిన్ పొడి ఊపిరితిత్తులకు చేటు. తడిపి కోస్తే గాలిలోకి లేచేది తగ్గుతుంది. నగిషీ బ్లేడు విరిగినప్పుడు ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం, కళ్లద్దాలు పెట్టుకోవాలి.

పళ్లు శుభ్రం చేయడానికి పాత పళ్లబ్రష్షు చాలు. పళ్లు వాలిన దిక్కుకు అనుకూలంగా తోమాలి. గట్టిగా అంటుకున్న ప్లాస్టిక్‌కు ఇత్తడి తీగల బ్రష్షు వాడవచ్చు. ఉక్కు తీగల బ్రష్షు అర మిల్లీమీటరు పళ్లకు శత్రువు. విశాఖలోనో, కాకినాడలోనో ఉండేవారికి గాలిలోని ఉప్పు, తేమ ఒక రాత్రిలోనే తమ పని చూపిస్తాయి. కుట్టుమిషన్ నూనె గుడ్డకు రాసి, ఆ గుడ్డతో రేకును తుడిస్తే సరిపోతుంది. జపాను వడ్రంగులు కామీలియా గింజల నూనె వాడతారు. మన వంటనూనెలు మాత్రం వద్దు, కొన్నాళ్లకు జిగటపడి పొట్టును పట్టుకుంటాయి. మళ్లీ కోయబోయే ముందు ఆ నూనెను తుడిచేయాలి. లేకపోతే ప్లాస్టిక్ అంచుకు అంటి, రంగు అక్కడ నిలవదు.

రంపాన్ని పనిముట్ల డబ్బాలో మిగతావాటితో కలిపి పడేయడం చాలాచోట్ల చూస్తాం. పక్కనున్న ఆకురాయి ఒక్కసారి తగిలితే పది పళ్లు మొద్దుబారతాయి. పుస్తకాలకు వేసే ప్లాస్టిక్ బైండు పట్టీని రేకు పొడవుకు కోసి పళ్లకు తొడిగితే అచ్చంగా సరిపోతుంది. రేకును పిడి నుంచి వేలాడదీయడం ఇంకా మంచిది. ఫ్రేములో బిగించిన నగిషీ బ్లేడును పని లేనప్పుడు వదులు చేయాలి.

పదును పెట్టడం ఎక్కడి దాకా వీలవుతుందో తెలిసి ఉండాలి. అంగుళానికి 15, 16 పళ్ల మామూలు వెన్ను రంపాన్ని ఇంట్లో సానబెట్టుకోవచ్చు. ముందు చదును ఆకురాయిని పళ్ల కొసల మీదుగా పొడవునా నడిపి అన్నిటినీ ఒకే ఎత్తుకు తేవాలి. ప్రతి పన్ను కొసనా ఒక మెరిసే చుక్క కనిపిస్తుంది. తర్వాత మూడు మూలల ఆకురాయితో ఆ చుక్క మాయమయ్యే దాకా మాత్రమే రాయాలి. చుక్క పోయాక ఇంకొక్క రాపిడి చేస్తే ఆ పన్ను పొట్టిదైపోతుంది, దాని పని పక్క పళ్ల మీద పడుతుంది. పాత పద్ధతి జపాను రంపానికి సన్నని వజ్రాకారపు ఆకురాయి కావాలి, అది వేరే చేయి. అంగుళానికి 52 పళ్ల రేకులు, నీలి కొసల రేకులు, రసాయనంతో చేసినవి ఇవేవీ మళ్లీ పదునుకు రావు. వాటికి కాలం చెల్లిందని కోత ధ్వని చెబుతుంది. కొత్త రేకు సన్నగా, ఒకే స్వరంలో కీచుమంటుంది. అరిగిన రేకు జారి జారి పట్టుకుంటుంది, ధ్వని తెగి తెగి వస్తుంది. అప్పుడు బలం పెంచకుండా రేకు మార్చడమే మేలు.

మార్చిన రేకును పారేయనక్కర్లేదు. అరిగిన రేజర్ సా ముక్కను కోత చక్రంతో తుంచి, అంచులో కావలసిన ఆకారం తొలిస్తే ఓడ పక్కల మీద వచ్చే అలంకారపు పట్టీలు గీకడానికి పనిముట్టు తయారవుతుంది. బాక్స్‌వుడ్ పుల్ల మీద దాన్ని ఒకే దిక్కుకు మెల్లగా లాగితే ఆకారం కొంచెం కొంచెంగా తేలుతుంది. విరిగిన 8/0 బ్లేడులో వేలెడు ముక్క మిగిలినా చాలు. వెదురుపుల్ల కొసను చీల్చి, అందులో దాన్ని దూర్చి, సూపర్ గ్లూ ఒక చుక్క వేస్తే, ఫిరంగి కిటికీ మూలల్లో ఏ రంపమూ చేరలేని చోట మిగిలిన చెక్కను అది శుభ్రంగా తీసేస్తుంది.